వైజాగ్‌లో లాయర్ ఆఫీసులో జూనియర్‌గా చేరుతున్నారా? ముందు డైరీ రాయడం నేర్చుకోండి

మా పిన్ని కూతురు లా అయిపోయి, ఎన్‌రోల్‌మెంట్ కూడా అయిపోయి, వచ్చే సోమవారం నుంచి జగదాంబ దగ్గర ఒక సీనియర్ ఆఫీసులో చేరుతోంది. నిన్న రాత్రి ఫోన్ చేసి "అక్కా, ఏం చదువుకుని వెళ్ళాలి, సీపీసీ (సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం) మొత్తం ఒకసారి తిరగేయనా" అని అడిగింది. చదువుకోవే, ఎవరు వద్దన్నారు, కానీ ముందు పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి ఒక మంచి డైరీ కొనుక్కో, రోజుకో పేజీ ఉండేది, అన్నాను. నవ్వింది. 2019లో నాకు మా గుమస్తా గారు ఇదే మాట చెప్తే నేనూ నవ్వాను, ఆ నవ్వు ఎంత ఖరీదైందో కింద చెప్తాను. దానికి గంటన్నర ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందేమో.

ఎన్‌రోల్‌మెంట్ దగ్గర నుంచి మొదలెడదాం, ఎందుకంటే ఇక్కడే కొంతమంది డబ్బులు పారేసుకుంటున్నారు. అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 24 ప్రకారం ఫీజు స్టేట్ బార్ కౌన్సిల్‌కి 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి 150, మొత్తం 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 125. అంతకుమించి వసూలు చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న చెప్పింది. మా టైములో వేలల్లో కట్టాం, ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్ళలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. ఆఫీసులో పడ్డాక చదవడానికి టైముండదు, మొదటి ఆరునెలల్లోనే రాసేసి వదిలించుకోండి.

ఇక ఆఫీసు. లా ఫర్మ్ అనగానే అద్దాల బిల్డింగు, కాఫీ మిషను ఊహించుకోకండి. మన ఊళ్ళో మామూలుగా ఒక సీనియర్, ఇద్దరు ముగ్గురు జూనియర్లు, ఒక గుమస్తా, ఒక టైపిస్టు, ఇంటి ముందుగది లేకపోతే డాబాగార్డెన్స్ వైపు ఒక ఫస్ట్ ఫ్లోర్, గోడ పొడుగునా లా జర్నల్సు, బీరువాలపైన కట్టలు కట్టలు ఫైళ్ళు, అంతే. మా ఆఫీసులో అయితే హుద్‌హుద్ తుఫాన్లో తడిసి ఉబ్బిపోయిన బండిళ్ళు ఇప్పటికీ ఒక బీరువాలో ఉన్నాయి, అందులో రెండు కేసులు ఇంకా నడుస్తున్నాయి కూడా. చేరేముందు అక్కడ ఏ రకం పని ఎక్కువో కనుక్కోండి. వైజాగ్‌లో సివిల్ అంటే నూటికి తొంభై మాటలు భూమి గురించే నడుస్తాయి. ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రేషన్, సింహాచలం దేవస్థానానికీ జనానికీ మధ్య పంచగ్రామాల భూముల గొడవ, 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) పడిపోయిన సర్వే నంబర్లు, మధురవాడలో లేఅవుట్లు, ఇవీ. క్రిమినల్ ఆఫీసు అయితే గంజాయి కేసులు బాగా వస్తాయి, ఏజెన్సీ, అంటే మన్యం కొండప్రాంతం, పక్కనే ఉంది కాబట్టి. బ్యాంకుల పని చేసే ఆఫీసు అయితే బాకీల కేసులు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్ ఊళ్ళోనే ఉంది, అదొక లోకం. నా ఉద్దేశంలో మొదటి రెండేళ్ళు సివిల్, క్రిమినల్ రెండూ ఉన్న మామూలు ఆఫీసే మేలు, ఒక్క బ్యాంకు పనిలోనే కూరుకుపోతే తర్వాత ఒక సాక్షిని క్రాస్ చెయ్యాలంటే కాళ్ళు వణుకుతాయి.

జీతం మాట. జీతం అనకండి ముందు, స్టైపెండ్ అనండి, ఎందుకంటే బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చెయ్యకూడదు. 2024 అక్టోబర్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది, టౌన్లలో జూనియర్‌కి నెలకి కనీసం 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని. అది సలహా మాత్రమే, ఆ కాగితం పట్టుకెళ్ళి సీనియర్ టేబుల్ మీద పెడితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటారు, అంతకుమించి ఏం జరగదు. నాకు మొదటి ఏడాది నెలకి 4 వేలు ఇచ్చారు. 2019 డిసెంబర్లో జూనియర్ లాయర్లకి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన లా నేస్తం స్కీము కింద నెలకి 5 వేలు నాకు కొన్నాళ్ళు పడ్డాయి, ఆ డబ్బుతోనే పుస్తకాలు కొన్నాను. కానీ స్కీముల్ని నమ్ముకుని ఇంటి అద్దె లెక్క వేసుకోవద్దు. చేరే రోజే మొహమాటపడకుండా "సార్, బస్సు ఖర్చులకీ దానికీ ఎంత ఇస్తారండీ" అని అడిగెయ్యండి, ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజు అడగలేకపోతే ఇంక ఏడాది దాకా అడగలేరు. దాంతోపాటే ఇంకోటి అడగండి, వకాలత్‌లో (క్లయింటు లాయర్‌కి ఇచ్చే అధికారపత్రం) నా పేరు వేస్తారా అని. ఇది డబ్బుకంటే ముఖ్యం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పిచ్చింది, రేపు దానికి సర్టిఫికెట్ కావాలన్నప్పుడు మీరు కోర్టులో కనబడ్డారనడానికి కాగితం మీద మీ పేరు ఉండాలి కదా.

సరే, అసలు పనిలోకి వద్దాం. మొదటి ఏడాది జూనియర్ పని వాదించడం అని ఎవరైనా అనుకుంటే పాపం అనుకోండి. సీనియర్ దగ్గర ఓ మూడొందల కేసులుంటాయి, ప్రతి కేసుకీ ఒక వాయిదా, ఆ మూడొందల తారీఖుల్లో ఒక్కటి కూడా జారిపోకుండా కాపలా కాయడమే మీ ఉద్యోగం. వాదన సీనియర్ చూసుకుంటారు. ఎంత గొప్ప వాదన ఉన్నా పిలిచిన రోజు మనిషి లేకపోతే కేసు పోయినట్టే.

డైరీ ఎలా రాయాలో చెప్తాను, మాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. పేజీలో ముందు కోర్టు పేరు రాయండి, దాని కింద ఆ కోర్టు కేసులన్నీ. ప్రతి కేసుకీ ఒక లైను: కిందటి వాయిదా తేదీ, కేసు నంబరు, పార్టీ పేరు పొట్టిగా, స్టేజి, తర్వాతి వాయిదా. స్టేజి అంటే ఈ రోజు ఏం జరగాలి అని, కౌంటర్‌కా (ఎదుటి పక్షం జవాబు), ఇష్యూస్‌కా (తేల్చాల్సిన అంశాలు), పీడబ్ల్యూ వన్ క్రాస్‌కా (వాది మొదటి సాక్షిని ఎదుటి లాయర్ ప్రశ్నించడం), ఆర్గ్యుమెంట్స్‌కా. వాయిదా ఇచ్చిన వెంటనే, కోర్టు హాల్లోనే, అక్కడే నిలబడి రెండు చోట్ల రాయాలి. ఈ రోజు పేజీలో తర్వాతి తేదీ వెయ్యాలి, ఆ వెంటనే ఆ తేదీ పేజీ తిప్పి అక్కడ కేసు ఎక్కించాలి, కిందటి వాయిదా అనే చోట ఈ రోజు తేదీ వెయ్యాలి. "ఆఫీసుకెళ్ళి ఎక్కిద్దాంలే" అనుకున్న కేసే మర్చిపోతారు, ఇది నేను రాసిస్తాను. పెన్సిలుతో రాయొద్దు. మెరూన్, గ్రీన్, బ్లూ అని రంగులు పెట్టొద్దు, రెండోవారానికి ఏ రంగు దేనికో మీకే గుర్తుండదు.

ఇప్పుడు ఈ-కోర్ట్స్ యాప్ ఉంది కదా, డైరీ ఎందుకు అంటారు. యాప్ ఉండాలి, ఖచ్చితంగా ఉండాలి. ప్రతి కేసుకీ సీఎన్ఆర్ నంబర్ అని 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరుంటుంది, అది కొట్టి ఆఫీసు కేసులన్నీ యాప్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, మొదటి వారం మీకు చెప్పడానికి పెద్ద పనేం ఉండదు కాబట్టి ఈ పని మీరే నెత్తినేసుకోండి, సీనియర్ కంట్లో పడతారు కూడా. కానీ యాప్‌లో అప్‌డేట్ అయ్యేది కోర్టు వాళ్ళు ఎక్కించినప్పుడే, ఒక్కోసారి సాయంత్రం, ఒక్కోసారి మర్నాడు. నేను చేసేది ఏంటంటే, రాత్రి భోజనం అయ్యాక ఆ రోజు డైరీలో రాసిన తేదీలన్నీ యాప్‌లో తేదీలతో సరిచూసి పక్కన ఒక టిక్కు పెడతాను. ఇరవై నిమిషాలు. ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు.

రెండో ఏడాది. ఒక పార్టిషన్ సూటు, అంటే ఆస్తి పంపకాల దావా, మనం వాది తరపున, కొత్తవలస దగ్గరి పెద్దాయన. ఆ రోజు మూడు కోర్టుల్లో కేసులున్నాయి, సీనియర్ గారు పైన సెషన్స్‌లో ఇరుక్కుపోయారు, నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి "యువరానర్, సార్ ఈజ్ ఎంగేజ్డ్" అని ఆయాసంతో చెప్పాను, జడ్జి గారు వాయిదా తేదీ చెప్పారు. ఆ హాల్లో ఫ్యాను గోలొకటి. నాకు "థర్టీయత్" అని వినపడింది. డైరీలో 30 వేసుకుని నెక్స్ట్ కోర్టుకి పరిగెత్తాను. 30న వెళితే లిస్టులో కేసు లేదు. బెంచ్ క్లర్క్ రికార్డు తిప్పి చూసి "అది థర్టీన్త్ కదమ్మా, పిలిచాం, మీ తరపున ఎవరూ రాలేదు, ఫర్ డిఫాల్ట్ అయిపోయింది" అన్నారు. పదమూడు, ముప్పై. చెవులు గుయ్‌మన్నాయి.

ఆఫీసుకొచ్చి చెప్తే సీనియర్ గారు తిట్టలేదు, తిడితే బాగుండేదనిపించింది. "ఎన్ని రోజులైంది" అన్నారు. పదిహేడు అన్నాను. "ఇంకా పదమూడు ఉన్నాయి, కూర్చో" అన్నారు. డిఫాల్ట్‌లో కొట్టేసిన సూటుని మళ్ళీ ఎత్తాలంటే సీపీసీ ఆర్డర్ 9 రూల్ 9 కింద పిటిషన్ వెయ్యాలి, దానికి 30 రోజులు టైము, అది దాటితే ఆలస్యం ఎందుకైందో చెప్పుకుంటూ లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 5 పిటిషన్ కూడా తోడు వెయ్యాలి. అఫిడవిట్ నన్నే డ్రాఫ్ట్ చెయ్యమన్నారు. "నా న్యాయవాది గారి జూనియర్ వాయిదా తేదీని పొరపాటుగా రాసుకున్నందువల్ల" అన్న వాక్యం నా చేత్తో నేనే రాసి, టైప్ చేయించి, ఆ పెద్దాయనకి చదివి వినిపించి సంతకం పెట్టించాలి. ఆయన బస్సెక్కి వచ్చాడు, విన్నాడు, కాసేపు నన్నే చూసి "ఏటి మేడమ్మా, తారీకేనా, మా పెద్దోడి ముహూర్తమే పంతులు తప్పు రాసీనాడు, పెళ్ళి అవ్వలేదేటి" అని సంతకం పెట్టేశాడు. పిటిషన్ అలౌ అయింది, ఖర్చులు కట్టమన్నారు, అవి నేనే కట్టాను. అప్పటి నుంచి వాయిదా చెప్పగానే బెంచ్ క్లర్క్ వైపు తిరిగి "మార్చి పదమూడు, ఒకటి మూడు, అంతేనా అండీ" అని తెలుగులో మళ్ళీ అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

వాయిదాలు ఒక రకం తారీఖులు, గడువులు ఇంకో రకం. వాయిదా కోర్టు చెప్తుంది, గడువు ఎవరూ చెప్పరు, మీరే లెక్కేసుకోవాలి. ఆఫీసుకి కొత్త మనిషి చెక్కు బౌన్స్ కేసుతో వస్తే మీ చేతికే ఇస్తారు, చిన్న కేసు కదా అని. అందులోనే ఎక్కువ మంది జూనియర్లు దొరికిపోతారు. ఒకటి లెక్కేసి చూపిస్తా. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు మెమో మీ క్లయింటుకి మార్చి 10న అందిందనుకోండి. అందిన రోజు వదిలేసి లెక్కపెడితే 30 రోజులు ఏప్రిల్ 9తో అయిపోతాయి, ఆలోపు డిమాండ్ నోటీసు పంపెయ్యాలి. నోటీసు అవతలివాడికి ఏప్రిల్ 15న అందింది. అక్కడి నుంచి 15 రోజులు వాడికి టైము, ఏప్రిల్ 30 దాకా. ఆలోపు కంప్లయింట్ వేస్తే తొందరపడి వేశారని కొట్టేస్తారు. కట్టకపోతే మే 1 నుంచి మీ నెల మొదలు. ఇక్కడ చట్టం 30 రోజులు అనలేదు, ఒక నెల అంది, చివరి రోజు ఏది అనే దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు, మనకెందుకు ఆ పరీక్ష, మే నెలలోనే పడేసెయ్యండి. ఈ తేదీలన్నీ ఫైలు అట్ట మీద ఎర్రపెన్నుతో రాయండి, డైరీలో గడువుకి ఐదు రోజుల ముందు పేజీలో కూడా. నోటీసు పంపిన పోస్టల్ రసీదు, ట్రాకింగ్ కాగితం వెంటనే జిరాక్స్ తీయించండి, ఆ రసీదు మీది సిరా నాలుగు నెలల్లో తెల్లగా ఎగిరిపోతుంది. ఇంకోటి, కేసు ఎక్కడ వెయ్యాలి అంటే, మీ క్లయింటు ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ఏరియా కోర్టులో, 2015 నుంచి అలాగే. క్లయింటు ఎంవీపీ కాలనీలో ఉంటూ ఖాతా గాజువాక బ్రాంచిలో పెట్టుకుంటే మీరు గాజువాక వెళ్ళాల్సిందే.

ప్రతివాది తరపున అయితే జవాబు దావా గడువు చూసుకోండి, సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. మామూలు సూట్లలో 90 దాటాక కూడా గట్టి కారణం చూపిస్తే ఖర్చులేసి తీసుకుంటారు. కమర్షియల్ సూటు (వ్యాపార వివాదం) అయితే 120 రోజులు, 121వ రోజు దేవుడొచ్చినా తీసుకోరు. కాబట్టి కొత్త ఫైలు రాగానే ముందు అది కమర్షియలా కాదా చూడండి. కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని ముందే వేసే కాగితం) వేస్తే 90 రోజులే పనిచేస్తుంది, రెన్యూవల్ తేదీ కూడా డైరీకెక్కాలి.

క్రిమినల్ సైడ్ అయితే 2024 జూలై 1 తర్వాత మా అందరికీ మళ్ళీ ఒకటో తరగతి. పాత నేరానికి పాత ఐపీసీ సెక్షనే, కొత్త నేరానికి దాని బదులొచ్చిన బీఎన్ఎస్, బెయిల్ పిటిషన్లు సీఆర్‌పీసీ బదులొచ్చిన బీఎన్ఎస్ఎస్. పాతోళ్ళు నోటికి పాత నంబర్లే చెప్తారు, మీరు మనసులో మార్చుకోవాలి. 420 ఇప్పుడు 318 సబ్ సెక్షన్ 4. ముందస్తు బెయిల్ 438 కాస్తా 482 అయింది, పాత 482 ఏమో హైకోర్టులో క్వాష్ (కేసే కొట్టెయ్యమని అడగడం), అదిప్పుడు 528. గుమస్తా గారు "అమ్మా, అర్జెంటుగా 482 వెయ్యాలట" అంటే పాతదా కొత్తదా అని అడక్కుండా టైపింగు మొదలెట్టకండి, ఒకసారి మా ఆఫీసులో నాలుగు పేజీలు టైపయ్యాక తేలింది. ముద్దాయి రాలేని రోజు ఆబ్సెంట్ పిటిషన్ వెయ్యడం జూనియర్ పనే, అది పాత 317, ఇప్పుడు 355. అది ఉదయం కాల్ వర్క్‌లోనే, అంటే కేసులు వరసగా పిలిచేటప్పుడే, ఇవ్వాలి, పిలిచేశాక పరిగెత్తుకెళితే ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంటు) వేసేస్తారు, ఇక రీకాల్ కోసం ఆ మనిషిని తీసుకుని మళ్ళీ తిరగాలి, వాళ్ళావిడ ఫోన్లో మిమ్మల్ని పెట్టే శాపనార్థాలు వినాలి.

కోర్టులో మొదటిసారి నోరు విప్పడం. ఉదయం పదిన్నరకి కాల్ వర్క్ మొదలవుతుంది, పది పావుకే హాల్లో ఉండండి. మీ సీరియల్ నంబర్లు చూసుకుని, ఎందులో ఏం చెప్పాలో చిన్న చీటీ మీద రాసుకోండి. సీనియర్ వేరే కోర్టులో ఉంటే పాసోవర్, అంటే కాసేపాగి మళ్ళీ పిలవమని, అడగండి, ఊరికే "టైమ్ కావాలి" అనొద్దు, ఎందుకు కావాలో, కిందటిసారి ఎందుకు తీసుకున్నామో మీకు తెలిసుండాలి, జడ్జి గారు అడిగేది సరిగ్గా అదే. తెలియకపోతే "కనుక్కుని చెప్తాను యువరానర్" అనేయండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు. సార్‌కి ఒంట్లో బాగోలేదు అని చెప్పి బయటికొచ్చేసరికి సారు అదే కారిడార్లో టీ తాగుతూ కనబడిన సంఘటనలు ప్రతి బార్‌లోనూ ఉంటాయి. ఎదుటి పక్షం సీనియర్ వయసులో పెద్ద అయితే ముందే వెళ్ళి "సార్, ఈ కేసులో వాయిదా అడుగుతున్నామండీ" అని చెవిన వేసుకోండి, ఇక్కడ బార్‌లో ఆ మర్యాద చాలా పని చేస్తుంది.

కాగితాల సంగతి. దీన్ని చిన్నచూపు చూడకండి. పిటిషన్, అఫిడవిట్, డాకెట్ (బయటికి కనబడే వివరాల కాగితం) వరసలో పెట్టి, నిలువుగా మడిచి, డాకెట్ మీద కోర్టు పేరు, కేసు నంబర్, పార్టీలు, ఏ ఆర్డర్ ఏ రూల్ కింద వేస్తున్నాం, ఎవరి తరపున అన్నీ స్పష్టంగా ఉండాలి. అఫిడవిట్ ప్రతి పేజీ కింద దిద్దుబాట్లు ఎన్నో రాయాలి, లేకపోతే లేవని రాయాలి. స్టేప్లర్ జోలికి పోకండి, మన ఊరి సముద్రపు గాలికి పిన్ను ఆరునెలల్లో తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు మరక పెట్టేస్తుంది, సరిగ్గా సంతకం మీద. దబ్బనం, తెల్ల దారం. మా గుమస్తా గారు నాకు మూడు కన్నాల కుట్టు నేర్పించడానికి ఒక సాయంత్రం మొత్తం తీసుకున్నారు, ముడి వెనకవైపు రావాలి, మధ్య కన్నంలోంచి దారం రెండుసార్లు పోవాలి, లాగితే కాగితం చిరగకూడదు. ఫైల్ చేసినవి అబ్జెక్షన్లతో రిటర్న్ వస్తాయి, వస్తాయంతే, బాధపడకండి, కానీ రిటర్న్ వేసినప్పుడు ఇచ్చిన గడువు ఉంటుంది, అది కూడా తారీఖే, డైరీలోకి. నా మొదటి పిటిషన్ నాలుగుసార్లు తిరిగొచ్చింది, నాలుగోసారి అడ్వకేట్ల వెల్ఫేర్ స్టాంపు అతికించలేదని.

గుమస్తా గారి గురించి విడిగా చెప్పాలి. ఆయన జీతం మీకంటే ఎక్కువ, అనుభవం మీ వయసుకంటే ఎక్కువ. ఏ సెక్షన్లో కాపీ అప్లికేషన్ ఎన్ని రోజులకి కదుల్తుందో, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తొందరగా వస్తుందో, కేజీహెచ్ పెద్దాసుపత్రిలో గాయాల సర్టిఫికెట్ కోసం ఎవరిని అడగాలో ఆయనకే తెలుసు. "బాబాయ్ గారూ" అని పిలిచి పక్కన కూర్చోండి. కోటు వేసుకున్నాం కదా అని ఆయన చేత టీ తెప్పించుకునే జూనియర్లని చూశాను, వాళ్ళ పిటిషన్లకి నంబరు ఎందుకు ఆలస్యంగా పడుతుందో వాళ్ళకి ఎప్పటికీ అర్థం కాదు.

క్లయింట్లు. సీనియర్‌కి ఫోన్ చెయ్యడానికి భయపడి మీకు చేస్తారు. పొద్దున్న ఆరింటికి "ఏటైనాది మేడమ్మా నా కేసు" అని మొదలవుతుంది. వాయిదా తేదీ చెప్పండి, ఆ రోజు వాళ్ళు రావాలో అక్కర్లేదో చెప్పండి, ఏ కాగితాలు తేవాలో చెప్పండి, ముందురోజు సాయంత్రం మళ్ళీ గుర్తుచెయ్యండి. గెలుస్తామా అంటే "సార్ చెప్తారండీ" అనండి, మీకు తెలిసినా సరే. డబ్బు మీ చేతికి ఇవ్వబోతే తీసుకోవద్దు, ఆఫీసుకి రమ్మనండి, తప్పక తీసుకోవాల్సొస్తే అప్పటికప్పుడు సీనియర్‌కి మెసేజ్ పెట్టండి. ఒరిజినల్ డాక్యుమెంట్లు తీసుకుంటే చేతిరాతతో రసీదు ఇవ్వండి, తిరిగిచ్చేటప్పుడు దాని మీదే సంతకం పెట్టించుకోండి. ఇంకొక విషయం, కారిడార్లో ఎవరో తెలిసిన అడ్వకేటు వచ్చి "కొంచెం అటెస్ట్ చెయ్యి తల్లీ" అని అఫిడవిట్ చాపితే, సంతకం పెట్టిన మనిషి మీ ఎదురుగా లేకపోతే పెట్టొద్దు. మొహమాటానికి పెట్టిన సంతకానికి ఐదేళ్ళ తర్వాత సాక్షి బోనులో నిలబడిన వాళ్ళున్నారు.

మరి లా ఎప్పుడు నేర్చుకుంటాం అంటే, సాయంత్రాలు. ఆరింటికి ఆఫీసులో సీనియర్ కన్సల్టేషన్ మొదలవుతుంది, పక్కన నోట్సుతో కూర్చోండి. క్లయింటు నలభై నిమిషాలు వాళ్ళ తోడికోడలి గురించి చెప్పిందాంట్లోంచి ఆయన నాలుగు ప్రశ్నలు వేసి కేసు బయటికి లాగుతారు, ఆ నాలుగు ప్రశ్నలే రాసుకోండి. డ్రాఫ్టు ఇవ్వమంటే పాత ఫైల్లోంచి కాపీ కొట్టండి, తప్పులేదు, అందరూ అలాగే నేర్చుకున్నారు, కానీ పాత పార్టీ పేరు ఎక్కడో ఒకచోట ఉండిపోతుంది, చివర్లో ఒకసారి పేర్లు మాత్రమే చూస్తూ చదవండి. సీనియర్ కొట్టేసి దిద్దిన డ్రాఫ్టు పారెయ్యకండి, ఇంటికి తీసుకెళ్ళి ఎందుకు కొట్టేశారో ఆలోచించండి. నా దగ్గర అలాంటివి రెండు అట్టపెట్టెలున్నాయి. ఖాళీ దొరికితే వేరేవాళ్ళ క్రాస్ ఎగ్జామినేషన్ చూడండి, సెల్‌ఫోన్ చూడకుండా. అమరావతి నేలపాడులో ఉన్న హైకోర్టుకి కట్టలు పట్టుకుని పంపిస్తే వంక పెట్టకుండా వెళ్ళండి, రాత్రి ప్రయాణం నడుం విరగ్గొట్టినా అక్కడ అప్పీలు కాగితాలు ఎలా ఉంటాయో చూస్తే కింద కోర్టులో మనం ఏ డాక్యుమెంటు మార్క్ చేయించడం మర్చిపోతున్నామో అర్థమవుతుంది. భీమిలి కోర్టు పడితే అదృష్టం, 900కె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే దారిలో చాలాసేపు సముద్రమే.

కోటు విషయం, ముఖ్యంగా అమ్మాయిలు అడుగుతుంటారు. పాలిస్టర్ది కొనకండి, మన ఊరి చెమటకి మధ్యాహ్నానికి ఒంటికి అంటుకుపోతుంది, రేటెక్కువైనా పల్చటి కాటన్ కలిసిన గుడ్డ తీసుకుని కుట్టించుకోండి, లోపల జేబు పెట్టమనండి, డైరీ కాదు గానీ చీటీ పడుతుంది. ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదు, బార్ కౌన్సిల్ రూల్సులోనే ఉంది, మెడకి కట్టే తెల్ల బ్యాండ్ మాత్రం పెట్టుకునే వెళ్ళండి. బ్యాండ్లు రెండు జతలు కొనుక్కోండి, ఒకటి ఆఫీసు సొరుగులో పడేసి ఉంచండి. మీ సీనియర్ ఏదో ఒకరోజు ఆయనది ఇంట్లో మర్చిపోయి వస్తారు.